చిన్న రంగము, పాత నాటకము: హైదరాబాదు తెలుగు రంగస్థలమునకు సరిహద్దు సీమలిచ్చిన దేమి?

హుమ్నాబాదు పట్టణము బీదరు జిల్లాలో, హైదరాబాదునుండి షోలాపురమునకు పోవు రాజమార్గముమీద నున్నది. 1956 నవంబరు 1వ తేదీవరకు ఈ పట్టణము హైదరాబాదు రాష్ట్రములోనిదే. ఆ దినమునుండి పరిపాలనము బెంగుళూరునకు మారినది గాని బాట మారలేదు. అది నేటికిని జహీరాబాదు మీదుగా తూర్పుముఖమై, సుమారు 160 కిలోమీటర్లు సాగి, హైదరాబాదునకే చేరుచున్నది. పెద్ద వైద్యమునకు, పై చదువునకు, పెండ్లిబట్టలకు ఇచటి తెలుగు కుటుంబములు పోవునది ఆ నగరమునకే. అట్లు పోయినవారిలో ఏ కొందరో, సాయంకాలము తీరిక దొరకినపుడు, ఒక తెలుగు నాటకము చూచి వచ్చుటయు కలదు.

తెలుగు నాటకము కృష్ణా గోదావరీ తీరములలో పుట్టినదనియు, హైదరాబాదున పెరిగినదనియు, కన్నడ మహారాష్ట్ర సరిహద్దులలోని తెలుగువారు దానికి ప్రేక్షకులే గాని దాతలు కారనియు ఒక భావము సరిహద్దు తెలుగువారిలో పాతుకొని యున్నది. ఇది వినయముచే కలిగినదైనచో మెచ్చదగినదే. కాని చరిత్రమునుబట్టి చూడగా నిజము కాదు. తెలుగు నాటకము మొదట లేచి నిలువబడినప్పుడును, తరువాత సొమ్మసిల్లి మరల లేచినప్పుడును, చేయి యందిచ్చినవారిలో పడమటి దిక్కువారు పలుమారులు కనబడుచున్నారు. ఆ యందిచ్చిన తావులు గూడ రాజాస్థానములు కావు, మహామందిరములు కావు. పందిళ్లు, బడిగదులు, పెండ్లివాకిళ్లు. ఈ రెండు సంగతులకును గల సంబంధమును విచారించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ముందుగా ఈ సీమ సంగతి కొంత చెప్పవలసియున్నది. హుమ్నాబాదునకు పడమట కొలదిదూరముననే కల్యాణ చాళుక్యుల రాజధానియైన బసవకల్యాణము కలదు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు, శరణులు, బిజ్జలుడు నడపిన చరిత్రమంతయు ఆ నేలమీద జరిగినదే. ఆ చరిత్రమును ద్విపదలో పెట్టి తొలుత పురాణముగా పాడినవాడు తెలుగు కవి పాల్కురికి సోమనాథుడు. ఆయన బసవపురాణమును చూచియే భీమకవి 1369లో కన్నడ బసవపురాణమును రచించెను. అనగా కల్యాణములో జరిగిన కథ తెలుగునకు పోయి, తెలుగునుండి కన్నడమునకు తిరిగి వచ్చినది. ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రమున శ్రీశైలపు శివరాత్రి జాతరను వర్ణించుచు, అచట భక్తుల యెదుట జరుగు ఆటపాటలను, బొమ్మలాటలను పేర్కొనెను. తెలుగున ఆటల చరిత్రము వ్రాయబూనిన వారెల్లరును ఆ ఘట్టము నొకమారైనను తడవక పోరు.

తరువాతి కాలమున, హుమ్నాబాదును ఆనుకొనియున్న మాణిక్‌నగరున 1845 ప్రాంతమున మాణిక్ ప్రభువు స్థిరపడి సకలమత సంప్రదాయమును నెలకొల్పెను. ఆయన 1865లో సమాధి పొందెను. దత్తజయంతి దర్బారునకు ఉత్తరమునుండియు దక్షిణమునుండియు గాయకులు వచ్చి పాడుట ఆ పీఠమునందు పరిపాటి. మరాఠీ, కన్నడము, ఉర్దూ, తెలుగు ఒకే వీథిలో వినబడు ఊరిది. ఇట్టి ఊరి ప్రేక్షకునకు ఒక భాషలోని ఆటను మఱియొక భాషవాడు నేర్చుకొనుట వింతగా తోచదు. తెలుగు నాటక చరిత్రమున జరిగినది సరిగా ఇదియే.

తెలుగున స్వతంత్ర నాటకములు వ్రాయుట 1860 ప్రాంతమున కోరాడ రామచంద్రశాస్త్రి మంజరీ మధుకరీయముతో మొదలైనదని చెప్పుదురు. కాని అది గ్రంథమే గాని ప్రదర్శనము కాలేదు. నాటకము చదువబడినంతమాత్రమున పుట్టినట్లు కాదు. 1880 ప్రాంతమున ధార్వాడ నాటక సమాజమువారు ఆంధ్రదేశమున సంచారము చేయుచు రాజమహేంద్రవరమునకు వచ్చిరి. అంతకు ముందే 1843లో సాంగ్లీ పట్టణమున విష్ణుదాస్ భావే సీతాస్వయంవరము నాడించి యుండెను. ఆ మరాఠీ నాటక వాయువు ధార్వాడమును తాకి, అచటినుండి తూర్పునకు వీచినది. ధార్వాడమువారు ఆడినది తెలుగు కాదు. అయినను జనులు విరగబడి చూచిరి. వారు తమ ఆటలు ముగించుకొని పోగా, వారు వేయించిన పందిరి మిగిలినది. ఆ పందిరిలోనే కందుకూరి వీరేశలింగము పంతులు తన విద్యార్థులను కూర్చుకొని తెలుగు నాటకము నాడించెను. న్యాయస్థానములలోని మోసములను బయటపెట్టు వ్యవహార ధర్మబోధిని ఆ కాలపుదే.

ఇచట నొక విషయము గమనింపదగియున్నది. వీరేశలింగము పంతులు రంగస్థలమును కట్టింపలేదు. ఎవరో విడిచిన పందిరిని వాడుకొనెను. నటులు బడిపిల్లలు. భాషయు గ్రంథములలోని భాష కాదు, కోర్టు వరండాలలో జనులు పలుకు భాష. అన్యుల పందిరి, బడిపిల్లలు, వాడుకమాట: ఈ మూడింటి కూడికతో తెలుగు రంగము ఆరంభమైనది. నేటి హైదరాబాదులోని చిన్న రంగములను చూచి, ఇది నాటకమునకు వచ్చిన దుర్దశ యని నిట్టూర్చువారు ఈ ఆరంభమును మరచిన వారు.

ధార్వాడ ప్రభావము కోస్తా జిల్లాలతో ఆగలేదు. బళ్ళారిలో అది మరింత గట్టిగా వేరూనినది. అప్పటికి బళ్ళారి మద్రాసు రాజధానిలోని జిల్లా; తెలుగు, కన్నడము రెండును సమానముగా చెల్లుచుండిన పట్టణము. అచట న్యాయవాదియైన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853–1912) సరసవినోదినీ సభను స్థాపించి, 1887లో చిత్రనళీయమును ప్రదర్శించెను. నాటకమున పద్యములకు తోడు పాటలను చేర్చి ప్రజలకు ప్రీతిపాత్రము చేసినవాడాయన. సంస్కృత నాటక మర్యాదలో మంగళాంతము తప్పనిసరి. ఆ మర్యాదను దాటి విషాదసారంగధరను రచించి, తెలుగువారి కన్నుల నీరు తెప్పించి, ఆంధ్ర నాటకపితామహుడని పేరొందెను. ఆయన యూరివాడే, వృత్తిచే న్యాయవాదియే అయిన కోలాచలము శ్రీనివాసరావు (1854–1919) సుమనోరమ సభను నడపి, చారిత్రక నాటకములకు పెట్టినది పేరయ్యెను. విజయనగర సామ్రాజ్య పతనమును నాటకముగా వ్రాయుటకు హంపి శిథిలములకు అంత దగ్గరనున్న బళ్ళారివాని కంటె అర్హుడెవడు? ప్రపంచ నాటక చరిత్రమును ఆంగ్లమున గ్రంథముగా వ్రాసినవాడును ఆయనయే.

బళ్ళారి సమాజముల ఋణము తెలుగువారికి మాత్రమే కాదు. 1891లో సరసవినోదినీ సభవారు మద్రాసునకు పోయి నాటకములాడిరి. ప్రేక్షకులలో పమ్మల్ సంబంధ మొదలియారు అను విద్యార్థి యొకడు కూర్చుండెను. అంతవరకు తమిళ నాటకమన్న చిన్నచూపుగల ఆ యువకుడు, గౌరవస్థులైన ప్లీడర్లు, ఉద్యోగులు వేషములు కట్టుట చూచి మనసు మార్చుకొని, ఆ యేడే సుగుణవిలాస సభను స్థాపించెను. ఆధునిక తమిళ నాటకమునకు ఆద్యుడుగా నేడు తమిళులు కొనియాడునది ఆయననే. కన్నడసీమ యంచున నున్న తెలుగు సభ యొకటి తమిళ నాటకమునకు దీపము వెలిగించినదని చెప్పినచో అతిశయోక్తి యని కొందరు నవ్వవచ్చును. కాని ఇది జరిగినది.

ధర్మవరము వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946). ఇంటిపేరు తాడిపత్రి, ఊరిపేరే ఇంటిపేరును మ్రింగివేసినది. హిరణ్యకశిపుడుగా, చాణక్యుడుగా, కోలాచలము వారి నాటకమున పఠాను రుస్తుముగా ఆయన వేసిన వేషములను గూర్చి మూడుతరముల వారు చెప్పుకొనిరి. తెలుగు, కన్నడము, హిందీ, ఆంగ్లము నాలుగింటను నటించినవాడు. ఆయన చేసిన పని వేషములకంటె పెద్దది. పద్యమును సాగదీసి రాగములు పెట్టి, చప్పట్లకై మరల మరల పాడుట నాటక మనిపించుకొనుచుండిన దినములలో, పాత్రయొక్క మనోభావమును ముఖమున, కంఠమున, మౌనమున చూపవలెనని పట్టుపట్టెను. ఆడువేషములు ఆడువారే వేయవలెనని వాదించి, కుటుంబస్త్రీలను రంగమునకు తెచ్చెను. ఐరోపాకు పోయినపుడు బెర్నార్డు షా వంటివారిని కలిసికొని మాటలాడి వచ్చెను. చిన్న రంగమున నటుని కనురెప్ప కదలికయు చివరివరుసకు కనబడును. రాఘవ కోరిన నటనము పెద్ద పందిళ్లకంటె అట్టి రంగమునకే తగినదని నేడు తెలియుచున్నది. ఆయన కాలమున ధ్వనివర్ధకములు లేవు, వేలాది జనుల యెదుట ఆడవలసియుండెను. ఆ యిబ్బందిలో గూడ ఆ మార్గమును విడువకుండుట ఆయన ధైర్యము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి మైసూరులో చేరెను. మూడేండ్లకు బీదరును ఆ దారినే పోయెను. పటములో గీత మారినంతమాత్రమున ఆంధ్ర నాటకపితామహుని ఊరు తెలుగు నాటక చరిత్రమునుండి బయటికి పోదు గదా!

ఇక మరాఠీవారి సంగతి. సురభి నాటక సమాజములను తెలుగువారి సొత్తుగా చెప్పుకొనుట మనకు అలవాటు, అది న్యాయమే. కాని ఆ కుటుంబముల పూర్వులు తోలుబొమ్మలాడించుచు వలసవచ్చిన మరాఠీ భాషాకుటుంబముల వారు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున, ఒక పెండ్లి వేడుకలో, బొమ్మలకు బదులు మనుష్యులే వేషములు కట్టి కీచకవధ నాడిరి. వనారస గోవిందరావు ఆ సమాజమునకు మూలపురుషుడు. ఇంట మాటలాడునది ఆరె మరాఠీ. రంగమున పాడునది తెలుగు పద్యము. బిడ్డ పుట్టినది మొదలు తెరవెనుకనే పెరిగి, ప్రహ్లాదుడో, లవకుశులో వేసి, పెద్దవాడై నాయకుడై, ముసలివాడై హార్మోనియమునొద్దనో తెరలాగుటకో చేరును. ఆడువేషములు తమ యింటి స్త్రీలచేతనే వేయించిరి గనుక, రాఘవ వాదించి సాధింపవలసిన దానిని వీరు వాదములేకయే ఆచరించిరి. ఒకప్పుడు పదుల కొలదిగా నుండిన సురభి సమాజములు క్రమముగా తగ్గి నాలుగైదు మిగిలినవి. వానిలో 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి హైదరాబాదున స్థిరపడినది. నగరపు పడమటి అంచున, శేరిలింగంపల్లిలో, సురభికాలనీ యను పేరనే వారి నివాసము ఏర్పడినది.

ఇంటి భాష యొకటి, చదువు భాష యొకటి అయిన పిల్లవాడు ఆ రెండవదానిలో తీరుగా పలుకలేడని సరిహద్దు బడులలో తరచు వినవచ్చు మాట. మరాఠీ పలుకు ఇంట వినుచు పెరిగిన సురభి బాలిక మాయాబజారున శశిరేఖయై పలుకు తెలుగునందు ఒత్తులు, శకటరేఫములు వినినవారు ఆ మాట మరల అనరు.

హైదరాబాదు నగరమున తెలుగు రంగము ఎట్లు నిలిచినదో ఇక చూడవలెను. ఈ కథ ఒక నాటకశాలలో, నాటకము కాని యొక సభతో ప్రారంభమగుచున్నది. 1921 నవంబరులో వివేకవర్ధినీ నాటకశాలయందు నిజాం రాష్ట్ర సంఘసంస్కార సభ జరిగెను. స్త్రీవిద్యకై పాటుపడిన మహర్షి కర్వే అధ్యక్షులు. ఉపన్యాసములు ఉర్దూలో, మరాఠీలో, ఆంగ్లమున సాగినవి. న్యాయవాది అల్లంపల్లి వేంకటరామారావు తెలుగున మాటలాడుటకు లేవగా సభలో గేలి, అల్లరి బయలుదేరెను. రాష్ట్రజనులలో సగమునకు సమీపముగా పలుకు భాషకు రాజధాని రంగస్థలమున ఆ సాయంకాలము చోటులేక పోయెను. ఆ అవమానమునుండియే, ఆ రాత్రియే, మాడపాటి హనుమంతరావు మొదలగువారు ఆంధ్రజనసంఘమును నెలకొల్పిరి. సురభిని ఇచ్చినదియు మరాఠీ పలుకే, ఆ సభలో గేలిచేసిన గొంతులలో వినవచ్చినదియు మరాఠీ పలుకే యని యెంచిచూడగా, భాషను నిందించుట తగదని, దోషము సందర్భముదేయని తేలును.

నిజాము పాలనమున సభలకు గస్తీ నిశాన్ 53 క్రింద ముందుగా అనుమతి పొందవలసియుండెను. కావున తెలుగువారి సాంస్కృతిక జీవనమంతయు గ్రంథాలయములలో తలదాచుకొనెను. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వానికి పెద్దక్క వంటిది. గోలకొండ పత్రికను నడపిన సురవరము ప్రతాపరెడ్డి, పత్రికారచనతోపాటు ఉచ్ఛల విషాదము, భక్త తుకారాము అను నాటకములను వ్రాసెను. తెలంగాణపు తెలుగు సంపాదకుడు మరాఠీ భక్తుని నాయకునిగా గైకొనుట ఈ సీమకు సహజమైన పనియే. 1943లో ఆంధ్ర సారస్వత పరిషత్తు వెలసెను. నేడది తెలంగాణ సారస్వత పరిషత్తు. దాని సభామందిరము నగరములోని మధ్యతరగతి తెలుగు వేదికలలో నొకటి.

నిజాము రాష్ట్రపు రైతు కథను చెప్పిన నాటకము మాత్రము ఆ రాష్ట్రమున ఆడుటకు వీలుకానిదయ్యెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రచించిన మాభూమిని ప్రజానాట్యమండలి దళములు కోస్తా జిల్లాలలో ఊరూర ఆడినవి. దేశముఖుల దౌర్జన్యమునకు బలియైన షేక్ బందగీ కథ దాని కాధారములలో నొకటి. అనతికాలముననే మద్రాసు ప్రభుత్వము దానిని నిషేధించెను. 1979లో వచ్చిన మాభూమి చలనచిత్రమును చూచి అదియే ఈ నాటకమని తలచువారు పలువురు గలరు. అది గౌతమ్ ఘోష్, కృష్ణచందర్ ఉర్దూ నవలనుబట్టి తీసిన వేరు కథ. పేరొకటే.

1961లో రవీంద్ర శతజయంతికి రవీంద్రభారతి తెరువబడెను. హైదరాబాదునకు తగిన రంగస్థలము కుదిరినదని అందరును సంతసించిరి. మేలైన దీపములు, విశాలమైన వేదిక, గౌరవము. అయితే పెద్ద మందిరమునకు అద్దెయు పెద్దదే. సన్మానములకు, నృత్యములకు, ప్రభుత్వ సభలకు పోగా మిగిలిన సాయంకాలములు నాటకమునకు. ఔత్సాహిక సమాజము ఒక నాటకమును రెండునెలలు అభ్యసించి ఒక్క రాత్రి ఆడి విడుచుట ఆచారమయ్యెను. ఒక్కరాత్రి నాటకము పెరుగదు. నటుడు తన తప్పులను రెండవ ప్రదర్శనమున దిద్దుకొనును, మూడవదానిలో పాత్రను గుర్తించును. తెనాలిలో 1929లో ఏర్పడిన ఆంధ్ర నాటక కళాపరిషత్తును, దాని వెనుక వచ్చిన పరిషత్తులును పోటీలు పెట్టి, గంటసేపు సాగు నాటికను పెంపొందించి, ఒక నాటికను పలు ఊళ్లలో ఆడు అవకాశము కల్పించినవి. పోటీనాటికకు ఒక దోషము కలదు: బహుమానము నిచ్చు న్యాయనిర్ణేతల కంట తడి పెట్టింపవలెనను తొందర. కాని నటులను పోషించినవి అవియే యని ఒప్పుకొనక తప్పదు.

మరల మరల ఆడుటవలన నగరమునకు ఏమి దక్కునో తెలిసికొనుటకు తెలుగుకంటె దక్కనీ ఉర్దూ నాటకము మంచి నిదర్శనము. బబ్బన్ ఖాన్ 1965లో హైదరాబాదున అదరక్ కే పంజే అను హాస్యనాటకమును మొదలుపెట్టెను. పేదగుమాస్తా, బహుసంతానము, అప్పులవాళ్లు, అంతే కథ. దానిని ఆయన దశాబ్దముల తరబడి దేశదేశములలో ఆడి గిన్నిస్ గ్రంథమున కెక్కెను. హుమ్నాబాదు బజారులో వినబడు దక్కనీయే ఆ నాటకపు భాష కావున, ఈ ప్రాంతమువారికి దానిని ఎవరును విప్పిచెప్పవలసిన పనిలేదు. జనుల వాడుకమాటను రంగమునకెక్కించినచో ఎంత బలము వచ్చునో అది చూపెను.

చిక్కడపల్లిలో 1966లో వెలసిన శ్రీ త్యాగరాయ గానసభ, నాంపల్లిలో సరోజినీనాయుడు ఇల్లైన గోల్డెన్ త్రెషోల్డు, బంజారాహిల్సులో 2010లో తెరచిన లామకాన్ మొదలైనవి నగరమునకు దక్కిన చిన్న తావులు. లామకాన్ ఒక గృహస్థుని ఇల్లు. పెరటిలోని బండరాయియే వెనుకతెర, మెట్లే ఆసనములు, టీ, సమోసా చవుక. అచట ఒక వారము ఉర్దూ కథాపఠనము, మరియొక వారము తెలుగు నాటకము, ఇంకొకప్పుడు హిందీ. నూరుమందో, రెండువందలమందో ప్రేక్షకులు. నటుడు గొంతు చించుకొన పనిలేదు. ఇట్టి చోట్ల కొత్తనాటకములు ఆడుట సులభము. నష్టము వచ్చినను స్వల్పము. అయితే పాతనాటకమును చిన్నరంగమునకు తెచ్చుట కష్టతరము, అందుననే లాభమును ఎక్కువ.

కన్యాశుల్కమునే తీసికొందము. గురజాడ అప్పారావు రచించిన ఈ నాటకము 1892లో విజయనగరమున జగన్నాథ విలాసినీ సభవారిచే మొదట ఆడబడి, 1897లో అచ్చుపడి, 1909లో పూర్తిగా తిరుగవ్రాయబడి పెరిగినది. ఏడంకముల ఆ రెండవ కన్యాశుల్కము నంతయు ఆడినచో ఒక రాత్రి చాలదు. కావున దానిని ఆడువాడు ప్రతివాడును కత్తెర పట్టవలసినదే. జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి సోదరులు 1950ల నుండి దానిని కుదించి ఏండ్లతరబడి ఆడిరి. రమణమూర్తి గిరీశము, సోమయాజులు రామప్పపంతులు. ఎవరేమి కత్తిరించిరో చూచినచో ఆయా కాలముల అభిరుచి తెలియును. కొందరు గిరీశమునకై మధురవాణిని తగ్గింతురు. కొందరు ఇరువురినిబట్టుకొని, బాలికల విక్రయమను అసలు గాయమును వదలివేయుదురు. అట్టి ప్రదర్శనము నవ్వించును గాని అది గురజాడ నాటకము కాదు. చిన్నరంగమున ఒక్క అగ్రహారపు ఇంటి రంగమును మాత్రము తీసికొని, బుచ్చమ్మ మౌనమును దగ్గరనుండి చూపినచో నాటకముయొక్క గుండె దొరకును.

పునఃప్రదర్శనము తప్పుదారి పట్టినచో ఏమగునో చెప్పుటకు చింతామణి కంటె దుఃఖకరమైన ఉదాహరణము లేదు. కాళ్లకూరి నారాయణరావు (1871–1927) వేశ్యావృత్తిని మాన్పించు తలంపుతో, బిల్వమంగళుని కథ నాధారముగా గైకొని దానిని రచించెను. కంట్రాక్టు సమాజములు తిరునాళ్లలో ఆడుచు ఆడుచు, సుబ్బిశెట్టి రంగమునకు లేని మాటలు, బూతుచేష్టలు చేర్చి చేర్చి, చివరకు ఆ రంగమునే చింతామణి యనిపించినవి. గ్రంథకర్త యేవగించిన దానినే ఆయన పేరున అమ్ముకొనిరి. ఆ పాత్రచే తమ కులము అవమానింపబడుచున్నదని ఆర్యవైశ్యులు మొరపెట్టుకొనగా, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఆ నాటక ప్రదర్శనమును నిషేధించెను. ఆ వేషముల వలననే పొట్టపోసికొను నటులు బిచ్చమెత్తవలసివచ్చునని వాపోయిరి. వ్యవహారము న్యాయస్థానమునకు పోయెను. వైశ్యుల మనస్తాపము నిజమైనది, నటుల ఆకలియు నిజమైనది. కాని ఎవరును గ్రంథమును తీసి, కాళ్లకూరివారు వ్రాసినదెంత, తరువాతివారు అంటించినదెంత యని ప్రజలయెదుట ఒకమారు ఆడి చూపలేదు. ఏబదిమంది కూర్చుండు గదిలో ఒక్క సాయంకాలము చేయదగిన పని అది. నిషేధమునకు ముందు జరిగియుండవలసినది.

దీనికి సరిగా ఎదురైన కథ సురభిలో జరిగినది. దానిని నడపినవాడు కన్నడదేశమువాడు. బి.వి. కారంత్ (1929–2002) దక్షిణ కన్నడజిల్లాలో పుట్టి, బాల్యముననే గుబ్బి వీరణ్ణ నాటక కంపెనీలో చేరి, వేషములు వేయుచు సంగీతము నేర్చుకొనెను. పిదప ఢిల్లీ జాతీయ నాటక విద్యాలయమునకు అధ్యక్షుడై, మైసూరున రంగాయణమును నెలకొల్పెను. కంపెనీ నాటకపు తెరలును, తళుకును, హార్మోనియమును ఆయనకు పుస్తకజ్ఞానము కాదు, చిన్ననాటి అన్నము. గుబ్బి కంపెనీ పుట్టినది 1884లో, సురభి 1885లో. అక్కచెల్లెండ్ర వంటి ఆ రెండు సమాజములలో ఒకదానిలో పెరిగినవాడు రెండవదానికి వచ్చెను.

1990ల దశకమున కారంత్ సురభివారితో కూర్చుండి మూడు నాటకములు చేయించెను: భీష్మ, చండీప్రియ, బస్తీదేవత యాదమ్మ. మూడవది జర్మను నాటకకర్త బ్రెహ్ట్ రచించిన నాటకమునకు తెలుగు రూపము. లోకమున మంచివారొక్కరైన కలరా యని వెదకుచు దేవతలు దిగివచ్చు కథ. మంచితనముతో బ్రతుకుట సాధ్యమా యను ప్రశ్న. యాదమ్మ యను పేరే తెలంగాణమువారి పేరు. వందయేండ్లుగా ఆకసమునుండి దేవతలను దించుట వృత్తిగా గల సురభివారికి ఈ దేవతలు క్రొత్తగా కనబడిరి: మహిమలు లేనివారు, జవాబు చెప్పలేక తడబడువారు. పద్యమునకు అలవాటుపడిన గొంతులు బస్తీమాట పలుకవలసి వచ్చెను. కారంత్ సురభివారి పాతవిద్యను మాన్పింపలేదు; ఆ తెరలను, ఆ వాద్యములను, కుటుంబమంతయు ఒక్క దేహముగా కదలు ఆ నేర్పును ఉంచి, దానిచేత క్రొత్త ప్రశ్న వేయించెను. ఇట్టిది గదా పునరుద్ధరణమనగా! చింతామణిని చెరచినవారు ప్రేక్షకుని అలవాటునకు లోబడిరి. కారంత్ నటుల అలవాటును గౌరవించి, ప్రేక్షకుని అలవాటును కదిలించెను.

ఆ మూడు నాటకములవలన సురభివారి బీదరికము తీరినదని చెప్పరాదు. మాయాబజారు, పాతాళభైరవి వేసినపుడు వచ్చు జనము యాదమ్మకు రాదు. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడపి, 2013లో పద్మశ్రీ పొందిన సురభి నాగేశ్వరరావు 2022 జూనులో కాలధర్మము చెందెను. ఆయన కుటుంబమువారు ఆటను మానలేదు. మానుటకు వారికి వేరువృత్తి తెలియదని కొందరందురు. తెలిసినను మానరని వారిని ఎరిగినవారందురు.

కల్యాణపు కథను గూర్చి మొదట ప్రస్తావించితిమి. ఆ బసవని కాలమునే తీసికొని పి. లంకేశ్ 1971లో సంక్రాంతిని, హెచ్.ఎస్. శివప్రకాశ్ 1986లో మహాచైత్రను, గిరీశ్ కర్నాడ్ 1990లో తలెదండను కన్నడమున నాటకములుగా రచించిరి. ఆరువందల యేబది యేండ్లకు పూర్వము తెలుగు ద్విపదనుండి కన్నడమునకు వెళ్లిన కథ అది. తెలుగు నాటకకర్త యెవరైన దానిని మరల అందుకొనదలచినచో మూలస్థలము హైదరాబాదునకు ఒక పూట ప్రయాణము. దారిలో హుమ్నాబాదు తగులును.

కందుకూరి వీరేశలింగము పంతులు జన్మించిన ఏప్రిల్ 16వ తేదీని ఆంధ్రప్రదేశమున తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుచున్నారు. 1946లో బళ్ళారి రాఘవ కన్నుమూసినదియు ఏప్రిల్ 16వ తేదీననే. తెలుగు వేదికలమీద రాజమహేంద్రవరపు పంతులుగారి పటమునకు పూలమాల వేయునాడు, బళ్ళారిలో రాఘవ వర్ధంతి.